రెండిళ్ల మధ్య జాగా

(స్మారక ఉపన్యాసం, కీసర)



ఎవరి పేరిట సభ జరుగుతున్నదో ఆయన్ని మొదటి పావుగంట పొగడటం ఇలాంటి చోట ఆనవాయితీ. ఓవర్సీర్ సారుకు అది గిట్టేది కాదు. ఆయన అసలు పేరు కన్నా ఆ పిలుపే మీకందరికీ తెలుసు, నేనూ అలాగే అంటాను. ఉప్పల్ నుంచి కీసర దాకా ఆయన గీసిన ప్లాన్ల మీద లేచిన ఇళ్లలో మీలో కొందరు పుట్టి పెరిగారు. ప్లాన్ కోసం వచ్చినవాళ్లను ఆయన బెడ్‌రూంలు ఎన్ని కావాలని ముందు అడిగేవారు కాదు. ‘‘పక్కింటాయన కిటికీలు ఎటున్నయి?’’ అనేవారు. పక్క ప్లాటు ఖాళీగా ఉంటే, ‘‘రేపు ఆయన కట్టుకుంటే నీ కిటికీ ఏమైతది?’’ అనేవారు. ఈ రెండు ప్రశ్నలకూ మన భవన నిబంధనల్లో జవాబు లేదు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ లోటు గురించే.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన దగ్గర ఇళ్ల కొలతలు ఇవాళ ప్రధానంగా 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 మీద, దానికి తర్వాత వచ్చిన సవరణల మీద నడుస్తున్నాయి. దానికి ముందు 2006 మార్చి 3న జీవో 86 వచ్చింది. నగరంలో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని ఎత్తేసింది ఆ జీవోనే. ప్లాటు విస్తీర్ణానికి ఇన్ని రెట్లకు మించి కట్టరాదన్న లెక్క పేరే ఎఫ్‌ఎస్‌ఐ. బెంగళూరు, చెన్నై, ముంబయి దాన్ని ఏదో ఒక రూపంలో ఉంచుకున్నాయి. మనం తీసేసి, ప్లాటు సైజు, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్, ఈ మూడూ ఎంత ఎత్తుకు ఒప్పుకుంటే అంత కట్టుకొమ్మన్నాం. గచ్చిబౌలి వైపు నలభై, యాభై అంతస్తులు లేవడం వెనక ఈ నిర్ణయం ఉంది. వాటి గురించి పత్రికలు రాస్తూనే ఉంటాయి. నా చింత మాత్రం 200 గజాల ఇంటి గురించి.

నాచారంలో, మల్లాపూర్‌లో, నాగారంలో, దమ్మాయిగూడలో ఉద్యోగమో చిన్న వ్యాపారమో చేసుకునే మనిషి కొనేది 150 గజాలు, మహా అయితే 200. అంటే మీటర్లలో 125 నుంచి 167 చదరపు మీటర్లు. జీవో 168 పట్టికలో 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాట్లకు ఒక వరస ఉంది. 12 మీటర్ల లోపు రోడ్డయితే ముందు మీటరున్నర వదలాలి, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదిలితే చాలు. ఎత్తు 10 మీటర్ల దాకా పోవచ్చు. ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల లోతున్న ప్లాటు తీసుకోండి. సెట్‌బ్యాకులన్నీ నిజాయితీగా వదిలినా ఒక్కో అంతస్తుకు దాదాపు 1,200 చదరపు అడుగులు వస్తుంది. జీ ప్లస్ టూ కడితే 3,600. ప్లాటేమో 1,800. ఒక్క గజం అతిక్రమించకుండా రెండింతలు కట్టుకోవచ్చన్నమాట. పైన పెంట్‌హౌస్ అనే రేకుల గది సంగతి మనం మాట్లాడుకోవద్దు, ఈ సభలో ఆ ఇళ్లవాళ్లే ఎక్కువమంది ఉన్నట్టున్నారు.

ఇప్పుడు పక్క ప్లాటు ఆయన కూడా అంతే నిజాయితీగా కట్టుకున్నాడనుకోండి. ఇటు మీటరు, అటు మీటరు కలిపి నడుమ రెండు మీటర్ల సందు. సెట్‌బ్యాకులోకి 60 సెంటీమీటర్ల దాకా సజ్జ తీసుకోవచ్చని అదే నిబంధన ఒప్పుకుంటుంది. రెండు వైపులా సజ్జలు పోతే మిగిలే ఆకాశం 80 సెంటీమీటర్లు. ముప్పై అడుగుల లోతున, రెండున్నర అడుగుల వెడల్పు వెలుతురు. ఇదంతా చట్టం పాటిస్తే వచ్చే సంగతి. పాటించకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ సందులోకి ఎప్పుడైనా పోయి నిలబడ్డారా? నాచారంలో ఏ గల్లీకైనా పోయి చూడండి. డ్రైనేజీ చాంబర్ల మూతలు వరసగా ఉంటాయి, ఒకటి పగిలి పైన బండరాయి పెట్టి ఉంటుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఎదురింటి కిటికీ మీదికి వేడి గాలి కొడుతుంటాయి. పక్కింట్లో తాలింపు పెడితే మనింట్లో తుమ్ములు. కింది అంతస్తు గదిలో పగలు పదకొండింటికి ట్యూబ్‌లైటు వెలుగుతుంటుంది. కిటికీ ఉంది, కానీ ఎదురుగా ఐదారడుగుల్లో ఇంకో కిటికీ ఉంది కాబట్టి అద్దానికి స్టిక్కర్ అంటిస్తారు, లేదా న్యూస్‌పేపర్. ఆ కిటికీ తెరవడం మానేసి ఏళ్లవుతుంది. పైనుంచి పడిన బట్టల క్లిప్పులు, చాక్లెట్ కాగితాలు, ఎలుకల బొరియలు. ఆ జాగా ఏ యజమానీ ఊడ్వడు. కాగితం మీద అది గాలీ వెలుతురూ వచ్చే ఖాళీ స్థలం.

ఒక మీటరు అనే కొలత ఎంత వింతదో చూడండి. ఏమీ వదలకపోతే కనీసం ఆ జాగా గదిలోకి వచ్చేది. మూడు మీటర్లు వదిలితే చెట్టో, స్కూటరో, ఎండో వచ్చేది. ఒక మీటరు వదిలితే ఇంటికీ పనికిరాదు, గాలికీ పనికిరాదు. పొరుగువాళ్ల తగాదాకు మాత్రం సరిపోతుంది.

దీన్ని మన దేశంలో ఎవరూ ఆలోచించలేదా అంటే, నూరేళ్లకు ముందే బొంబాయిలో ఆలోచించారు. 1896లో అక్కడ ప్లేగు వచ్చింది. గాలీ వెలుతురూ లేని చాల్ అనే ఇరుకు అద్దె ఇళ్లలో జనం పిట్టల్లా రాలిపోయారు. 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. ఆ ట్రస్టు పెట్టుకున్న నియమం పేరు 63½ డిగ్రీల నియమం. గది బయట గోడ అడుగున నిలబడి, ఎదురు గోడ కొస మీదుగా ఆకాశం చూస్తే ఆ చూపు నేలతో 63½ డిగ్రీల కోణానికి మించరాదు. లెక్కల మాట పక్కన పెట్టి చెప్పాలంటే, రెండిళ్ల మధ్య ఖాళీకి రెండింతల కన్నా ఎత్తు కట్టకూడదు. మన రెండు మీటర్ల సందుకు ఆ లెక్కన వచ్చే ఎత్తు నాలుగు మీటర్లు. మనం ఒప్పుకున్నది పది మీటర్లు. ఐదింతలు. చూపు 78 డిగ్రీలు దాటుతుంది, మెడ నొప్పి పుట్టాల్సిందే. బొంబాయివాళ్లు కూడా ఆ నియమాన్ని తర్వాత నిలుపుకోలేదనుకోండి, ఆ నగరాన్ని చూస్తే తెలుస్తూనే ఉంది. కానీ వాళ్లు కొలిచింది గోడ నుంచి ప్రహరీకి కాదు, కిటికీ నుంచి ఆకాశానికి. ఓవర్సీర్ సారు ప్రశ్న అదే.

హైదరాబాద్‌కూ ఇలాంటి చరిత్ర ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేసి మల్లేపల్లి వంటిచోట్ల వరస ఇళ్లు కట్టించారు. ఆ తర్వాత ఆ పని హౌసింగ్ బోర్డుకు వచ్చింది. మౌలాలి హెచ్‌బీ కాలనీకి ఎవరైనా పోతే ఇప్పటికీ చిరునామా ‘‘ఎల్‌ఐజీ ఫలానా నంబరు, ఎంఐజీ ఫలానా నంబరు’’ అనే చెబుతారు. జంట ఇళ్లు, ఒక గోడ ఉమ్మడి, రెండో పక్కన మనిషి నడిచి బట్టలారేసుకునేంత జాగా. ఇప్పుడు వాటిలో చాలావరకు కూలగొట్టి మూడంతస్తులు లేపారు. కానీ పాతది ఒక్కటి మిగిలినా లోపలికెళ్లి చూడండి. గదులు చిన్నవే, చెక్క కిటికీ రెక్కలు మాత్రం పూర్తిగా బయటికి తెరుచుకుంటాయి.

కిటికీ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. ఎందుకంటే ఇది ప్రతి ఇంట్లో జరుగుతున్నది, ఎవరూ గమనించనిది. జాతీయ భవన నియమావళి పొడి వేడి ప్రాంతాల్లో గది నేలలో పదో వంతు కిటికీలుండాలంటుంది. కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబరులో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ఇంకాస్త ముందుకెళ్లింది. కిటికీ ఎంత పెద్దదని కాదు, ఎంత తెరుచుకుంటుందని అడిగింది. మిశ్రమ వాతావరణంలోకి వచ్చే హైదరాబాద్ లాంటి చోట తెరుచుకునే భాగం నేలలో ఎనిమిదో వంతు ఉండాలి. పది బై పన్నెండు గది తీసుకుంటే 15 చదరపు అడుగులు. మన మేస్త్రీలు పెట్టేది నాలుగు బై నాలుగు కిటికీ, 16 చదరపు అడుగులు. భేష్ అనిపిస్తుంది. కానీ అది యూపీవీసీ స్లైడింగ్. ఒక రెక్క జరిపితే ఇంకో రెక్క వెనక్కి పోతుంది. తెరుచుకునేది సగం, ఎనిమిది అడుగులు. దోమల జాలీ, గ్రిల్లు, కర్టెన్ పోను లోపలికొచ్చే గాలి ఎంతో మీరే ఊహించుకోండి. ఇంటికి లక్షల్లో ఖర్చు పెట్టి, పాత ఎల్‌ఐజీ ఇంటి కన్నా తక్కువ గాలి కొనుక్కుంటున్నాం. ఏప్రిల్‌లో ఏసీ, మే నెలలో కరెంటు బిల్లు.

మరి నియమాలున్నా ఎందుకు పట్టడం లేదు? ఇక్కడ ఒక గీత ఉంది. నేను దాన్ని 600 గజాల గీత అంటాను. 2020 నవంబరులో ఇళ్ల అనుమతులకు టీఎస్-బీపాస్ వచ్చింది. 75 గజాల లోపు ప్లాటులో జీ ప్లస్ వన్ దాకా కట్టుకునేవాళ్లు ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు దాటని ఇళ్లకు యజమాని సొంత ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి. లంచాల బాధ తగ్గింది, ఆఫీసుల చుట్టూ తిరగడం తగ్గింది. అది మంచిదే, నేను కాదనను. ఇక రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, రెరా చూడండి. 500 చదరపు మీటర్లు మించని స్థలం, లేదా ఎనిమిది ఫ్లాట్లు మించని కట్టడం అయితే దాని కింద రిజిస్టర్ చేయక్కర్లేదు. 500 మీటర్లంటే మళ్లీ 600 గజాలే. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది, దేశంలో అలాంటిది మొదటిది. ఎండను తిప్పికొట్టే పైకప్పు 600 గజాలు దాటిన ఇళ్లకు తప్పనిసరి, లోపు వాటికి ఐచ్ఛికం.

మూడు వేర్వేరు నిబంధనలు, మూడు వేర్వేరు ఉద్దేశాలు, ఒకే గీత దగ్గర ఆగిపోయాయి. చిన్న ఇంటివాడిని ఇబ్బంది పెట్టొద్దన్న దయ అందులో ఉంది. కానీ నాచారం, నాగారం, కీసర చుట్టుపక్కల కాలనీల్లో 600 గజాలు దాటిన ఇల్లు వెతికితే గాని దొరకదు. అంటే అసలు ఊరంతా గీతకు ఇవతలే ఉంది. ఫ్లాట్ కొనేవాడికి రెరా ఉంది, లాయరున్నాడు, అసోసియేషన్ ఉంది. 150 గజాల్లో పై వాటాలో అద్దెకుండే కుటుంబం తరఫున ఎవరూ లేరు. మే నెల రాత్రి ఆ ఐదంగుళాల స్లాబు కింద పడుకునేది వాళ్లే. సున్నం కొడితే తగ్గే వేడి అది.

ఇంటి లోపలి కొలత గురించి మన దగ్గర సర్కారు గట్టిగా మాట్లాడింది డబుల్ బెడ్‌రూం ఇళ్లప్పుడు. 2015 నవంబరులో బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో మొదటివి ఇచ్చారు, 396 ఇళ్లు. పథకం కొలత ఇంటికి 560 చదరపు అడుగులు, రెండు పడక గదులు, హాలు, వంటగది, రెండు టాయిలెట్లు. పేదవాడి ఇల్లంటే ఒకే గది అన్న పాత ఆలోచనను ఆ కొలత కొట్టేసింది. పథకం అమలులో జరిగిన ఆలస్యాలు అందరికీ తెలిసినవే, కానీ ఆ నిర్ణయం గొప్పది. మన అహ్మద్‌గూడ బ్లాకులు ఆ కొలతతో కట్టినవే. నగరం లోపలి బస్తీల నుంచి ఇక్కడికొచ్చిన కుటుంబాలను అడిగితే ఇంటి లోపల గురించి ఫిర్యాదు తక్కువ. పని దూరం, బస్సు దూరం, బడి దూరం. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లు వేరే దారి పట్టాయి. సొంత జాగాలో కనీసం 400 చదరపు అడుగులు, ఐదు లక్షల సాయం. ఊళ్లకు అది నప్పుతుంది.

ఇంగ్లండ్‌లో 1961లో పార్కర్ మోరిస్ కమిటీ ఒక పద్ధతి పెట్టింది. గది ఇన్ని అడుగులుండాలని చెప్పడం కన్నా, అందులో మంచం, బీరువా, బల్ల పెట్టి, వాటి చుట్టూ మనిషి తిరగగలడా అని చూడమంది. 1980లో అక్కడి ప్రభుత్వం ఆ కొలతల్ని తీసేసింది. కానీ పద్ధతి మంచిది. మన ప్లాన్లలో పది బై పది గది గీస్తారు. ఆరు బై ఆరున్నర మంచం, గోద్రెజ్ బీరువా, మూలన కుట్టుమిషను గీసి చూపించమనండి. తలుపు సగమే తెరుచుకుంటుందని అప్పుడు తెలుస్తుంది. పరుపుల చుట్ట ఎక్కడ పెడతామో ఏ ప్లానూ చెప్పదు. మన ఇంటికి చుట్టాలు రారా?

ఇల్లు దాటి గల్లీలోకి వద్దాం. గ్రామ పంచాయతీ లేఅవుట్లలో పార్కని చూపించిన జాగా తర్వాత ప్లాట్లయిన కథ మీ అందరికీ తెలుసు. 2020 ఆగస్టు 31న వచ్చిన లేఅవుట్ల రెగ్యులరైజేషన్ పథకం, ఎల్‌ఆర్‌ఎస్‌లో దానికి మందు వేశారు. ఖాళీ స్థలం వదలని లేఅవుట్‌లో ప్లాటున్నవాడు భూమి విలువలో 14 శాతం కట్టాలి. ఇరవై లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఇలాంటి పథకం 2007 చివర్లో ఒకసారి, 2015లో ఒకసారి, 2020లో ఒకసారి వచ్చింది. డబ్బు తీసుకుని రెగ్యులరైజేషన్ కాగితం ఇస్తారు, ఆ కాలనీ పిల్లలకు ఆడుకునే జాగా మాత్రం రాలేదు. రాదు కూడా, ఎందుకంటే అక్కడ ఖాళీ ప్లాటే మిగల్లేదు. డబ్బుతో కొనలేని చోట డబ్బు తీసుకుని వదిలేయడాన్ని నేను ప్రమాణం అనలేను.

నీళ్ల సంగతి ఇంతకన్నా ఘోరం. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు దాటి కురిసింది. హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్ కాలనీల్లో జనం రోజుల తరబడి నీళ్లలో ఉన్నారు. పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలని నిబంధన ఉంది. దాన్ని మింగినవాళ్లను తిడదాం, తప్పులేదు. కానీ చెరువుకు కిలోమీటరు దూరంలో ఉన్న ఇంట్లోకి కూడా నీళ్లొచ్చాయి. ఎందుకు? సీసీ రోడ్డు వేసినప్పుడల్లా పాతదాన్ని తవ్వకుండా మీద పోస్తారు. అడుగున్నర ఎత్తులో కట్టిన గడప పదేళ్లలో రోడ్డుకు సమానమవుతుంది. ఇంటి కొలతకు చట్టం ఉంది, రోడ్డు ఎత్తుకు లేదు.  

అసలు మాటకొస్తాను. ఆ రెండు మీటర్ల సందును ఏం చేద్దాం?

నా సూచన పాతదే. కీసర పాత ఊళ్లోకి పోతే ఇల్లూ ఇల్లూ గోడ కలిపి ఉంటాయి. హెచ్‌బీ కాలనీ జంట ఇళ్లూ అంతే. ఇరుగు పొరుగు ఇద్దరు ఒక పక్క గోడ కలిపి కట్టుకుని, రెండో పక్కన ఒక్కొక్కరు రెండు మీటర్లు వదిలితే, జంటకూ జంటకూ మధ్య నాలుగు మీటర్లు వస్తుంది. ఎవరికీ ఒక్క అడుగు స్లాబ్ తగ్గదు, ఆ 1,200 అడుగులు అలాగే ఉంటాయి. ఎత్తు, ఖాళీ నిష్పత్తి ఐదింతల నుంచి రెండున్నరకు దిగుతుంది. బొంబాయి నియమానికి దాదాపు దగ్గరికి వచ్చినట్టే. నాలుగు మీటర్ల జాగాలో కానుగ చెట్టు పెరుగుతుంది, ఇంకుడు గుంత పడుతుంది, అవసరమైతే అంబులెన్సు స్ట్రెచర్ తిరుగుతుంది. వరస ఇళ్లకు ఇప్పటి నిబంధనల్లోనూ చోటుంది గాని, అది పెద్ద స్థలంలో ఒకేసారి కట్టే బిల్డర్లకు. విడివిడిగా 200 గజాలున్న ఇద్దరు పొరుగువాళ్లకు ఆ తలుపు మూసి ఉంది.

కష్టాలు లేవని చెప్పను. గోడ కలిసిన వైపు కిటికీలుండవు కాబట్టి మెట్లు, పూజగది, స్టోరు అటు పోవాలి. ఎవరి గోడ వాళ్లు కట్టుకుని నడుమ జాయింట్ వదిలి, పైనుంచి నీళ్లు దిగకుండా మూయాలి, లేకపోతే మొదటి వానకే చెమ్మ, రెండో వానకు కోర్టు. పక్కింటి టీవీ వినపడకుండా గోడ మందం పెంచాలి. అన్నిటికన్నా పెద్ద కష్టం వాస్తు. తూర్పున, ఉత్తరాన జాగా ఎక్కువ వదలాలని, ఉమ్మడి గోడ పనికిరాదని అంటారు. ఇద్దరిలో ఒకాయనకు పడమర జాగా తప్పదు. ఒప్పుకునేవాళ్లే కట్టుకుంటారు, బలవంతం లేదు. పెద్దలు పుట్టి పెరిగిన ఇళ్లన్నీ ఉమ్మడి గోడలవే అని మాత్రం గుర్తు చేస్తాను.

‘‘నా జాగా, నా ఇష్టం’’ అనే మాట నాకు తెలుసు, అందులో అన్యాయం లేదు కూడా. ఈసీఐఎల్‌లోనో, ఎన్‌ఎఫ్‌సీలోనో రిటైరై వచ్చిన డబ్బంతా మూడంతస్తుల్లో పెట్టిన మనిషికి ఆ రెండు వాటాల అద్దే పింఛను. ఆయన్ని అంతస్తు తగ్గించుకొమ్మంటే వినడు, వినక్కర్లేదు. అందుకే నేను తగ్గించమనడం లేదు, జరపమంటున్నాను. వెలుతురున్న వాటాకు కిరాయిదారు తొందరగా దొరుకుతాడని కూడా ఆయనకు తెలుసు.

నాచారంలో ఈ మాట చెప్పి లాభం లేదు, అక్కడ ఖాళీ ప్లాట్లు అయిపోయాయి. కీసరలో ఇంకా ఉన్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు దిగి గుట్ట వైపు వస్తుంటే రెండు పక్కలా వెంచర్ల హద్దురాళ్లే. వాటిలో చాలావాటి మీద ఇంకా ఇల్లు లేవలేదు. ఇప్పుడు నడుస్తున్న 2031 మాస్టర్ ప్లాన్ 2013 జనవరిలో వచ్చింది. దాని తర్వాతి ప్లాన్ ముసాయిదా బయట పెట్టినప్పుడు అభ్యంతరాలు, సూచనలకు గడువిస్తారు. మామూలుగా ఆ గడువులో వెళ్లేవి రోడ్డు మన ప్లాటు మీదుగా పోతున్నదన్న అర్జీలే. ఈసారి మీ కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద ఒక్క వాక్యం పంపండి: 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాట్లలో పక్కపక్క యజమానులిద్దరూ రాసిచ్చుకుంటే, ఒక పక్క గోడ కలిపి రెండో పక్క రెండు మీటర్లు వదిలి కట్టుకోవడానికి అనుమతి ఇవ్వాలి. వెనక వరసలోని ఇంజనీరింగ్ విద్యార్థులు జతచేయడానికి డ్రాయింగులు గీసివ్వండి, మంచం, బీరువాతో సహా.